రెక్క పొడుగు సరే, రికార్డు ఏదీ?

మొన్న మా ఇంజినీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకడు వీడియో పంపాడు. చైనాలో, షాన్‌డాంగ్‌లో 2025లో నిలబెట్టిన 26 మెగావాట్ల గాలిమర. ఒక్కో రెక్క 153 మీటర్లు. కింద వరసగా చప్పట్లు, రాకెట్ బొమ్మలు, "మనవాళ్ళు ఎప్పటికి నేర్చుకుంటారో" అని ఒక నిట్టూర్పు. నేను ఊరుకోలేక "బావుంది, ఎన్నాళ్ళు తిరిగింది?" అని అడిగా. అంతే. "నువ్వు మారవురా, అన్నిట్లోనూ నెగటివ్" అని తేల్చేశారు. గ్రూపులో చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెప్తా.

ముందే ఒక మాట. నేను గాలిమరలకి వ్యతిరేకిని కాదు. బొగ్గు తగలెట్టడం తగ్గాలనే కోరుకునేవాణ్ణి. మా అనంతపురం వైపు "ఈ ఫ్యాన్లు మబ్బుల్ని తోసేస్తున్నాయి, అందుకే వానల్లేవు" అనే మాట చాలాసార్లు విన్నా. విన్న ప్రతిసారీ వాదించా కూడా. మబ్బులు ఎక్కడో కిలోమీటరు పైన ఉంటాయి, మర కొస ఎంత ఎగిరినా రెండొందల మీటర్లు. పైగా అది ఫ్యాన్ కాదు, గాలిని తోయదు, గాలి చేత తోయించుకుంటుంది. అది లేనిపోని భయం. కానీ ఉండాల్సిన భయం ఇంకోటి ఉంది. అదెవరికీ లేకపోవడమే నా బాధ.

రెండేళ్ళ కిందట గుత్తి దగ్గర ధాబాలో టీ కోసం ఆగినప్పుడు పక్కన ట్రైలర్ మీద ఒక రెక్క కనిపించింది. దగ్గరికెళ్ళి వేళ్ళతో తట్టి చూశా. డొల్ల శబ్దం, నీళ్ళ ట్యాంకుని తట్టినట్టు. దూరం నుంచి ఉక్కు లాగా కనిపించేది నిజానికి గాజు నార గుడ్డ, రెజిన్, మధ్యలో బాల్సా చెక్కో నురగ పలకలో. లోపలంతా ఖాళీ. రెండు దొప్పలు విడివిడిగా పోతపోసి, మధ్యలో నిలువు పలకలు పెట్టి, జిగురుతో అతికించేస్తారు. చాలా రెక్కలు ఇంతే. నేను ఆ అతుకు మీద వేలు పెట్టి చూస్తుంటే డ్రైవరు "ఏం సార్, కొంటారా?" అన్నాడు.

పొడుగు ఎందుకు పెంచుతున్నారో తెలియకుండా తిట్టడం న్యాయం కాదు కాబట్టి అది చెప్తా. రెక్క పొడుగు రెట్టింపైతే అది ఊడ్చే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. గాలి వేగం సంగతి ఇంకా ఘోరం, కరెంటు దాని ఘనంతో మారుతుంది. సెకనుకి 8 మీటర్ల గాలి వీచే చోట దొరికే శక్తితో పోలిస్తే 6 మీటర్ల చోట సగం కూడా దొరకదు. మన రాయలసీమ గాలి తమిళనాడు ముప్పందల్ కనుమ గాలి లాంటిది కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఊపు, మిగతా నెలల్లో బతిమాలుకోవడమే. అలాంటి చోట జనరేటర్ చిన్నదిగా, రెక్క పెద్దదిగా ఉండాలి. సుజ్లాన్ వాళ్ళ మరలే చూడండి. పాత ఎస్88 కి 88 మీటర్ల వ్యాసం, 2.1 మెగావాట్లు. ఇప్పటి ఎస్144 కి 144 మీటర్ల వ్యాసం, 3.15 మెగావాట్లు. జనరేటర్ ఒకటిన్నర రెట్లే పెరిగింది, ఊడ్చే వైశాల్యం దాదాపు 2.7 రెట్లు పెరిగింది. చదరపు మీటరుకి 345 వాట్లు ఉన్నది 193 కి దిగింది. నా లెక్కలో అసలైన డిజైన్ విజయం అంటే ఇది. పనికిరాదనుకున్న గాలిని పనికొచ్చేలా చేసింది. దీనికి చప్పట్లు కొట్టండి, నేనూ కొడతా.

ఇక రెండో వైపు. పొడుగుతో రాబడి వర్గంగా పెరుగుతుంది, బరువు ఘనంగా పెరుగుతుంది. అంటే ఆకారం మార్చకుండా రెట్టింపు చేస్తే నాలుగింతలు కరెంటు, ఎనిమిదింతలు బరువు. ఈ లెక్కన ఎప్పుడో ఆగిపోవాలి. 1.5 మెగావాట్ల కాలంలో 37 మీటర్ల రెక్క సుమారు 6 టన్నులుండేది. అదే తీరుగా 107 మీటర్లకి సాగదీస్తే 145 టన్నులు తూగాలి. జీఈ వాళ్ళ హాలియాడ్-ఎక్స్ రెక్క 107 మీటర్లుండి 55 టన్నుల చిల్లర తూగుతుంది. మిగతా 90 టన్నులు ఎక్కడికి పోయాయి?

ఇంజినీర్లు మింగేశారు. ఇక్కడ వాళ్ళకి దండం పెట్టాల్సిందే. మొదట్లో రెక్కల అడ్డుకోతకి విమానాల నుంచి తెచ్చుకున్న ఆకారాలే వాడేవాళ్ళు. దుమ్ము, పురుగులు అంటుకుంటే వాటి పనితనం పడిపోయేది. 1980ల నుంచి అమెరికాలో, ఆ తర్వాత హాలండ్ డెల్ఫ్ట్‌లో, డెన్మార్క్ రిసోలో మరల కోసమే ప్రత్యేకంగా ఆకారాలు గీశారు. మొదలు దగ్గర లావుగా, వెనక అంచు మొండిగా కోసేసినట్టుండే ఆకారాలొచ్చాయి. లావు ఉంటే తక్కువ సరుకుతో ఎక్కువ బిగువు వస్తుంది. వెన్నెముక పట్టీలకి గాజు బదులు కార్బన్ నార వచ్చింది. గాలికి వంగి స్తంభాన్ని కొట్టకుండా రెక్కని ముందే ఎదురు వంపుతో పోతపోస్తున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి. నార పోగుల్ని నిలువుగా కాకుండా కొంచెం ఏటవాలుగా పరిస్తే, గాలి విసురుకి రెక్క వంగినప్పుడు దానంతటదే కొద్దిగా మెలితిరుగుతుంది. మెలితిరిగితే గాలి పట్టు సడలుతుంది. మోటారు లేదు, సెన్సార్ లేదు, సాఫ్ట్‌వేర్ అసలే లేదు. పెనుగాలికి తాటాకు ఎలా ఒరుగుతుందో అలాగే. ఇరవై ఏళ్ళుగా కోడ్ రాస్తున్న నేను ఇంత అందమైన ఫీచర్ ఒక్కటి రాయలేదు.

సమస్య ఎక్కడొస్తుందంటే, ఎక్కడ ఎంత బలం కావాలో కంప్యూటర్‌తో లెక్కగట్టి సరిగ్గా అంతే పెట్టడం నేర్చుకున్నాక, లెక్కలో లేనిది జరిగితే ఓర్చుకునే మిగులు తగ్గిపోతుంది. పాత రెక్కలు మోటు సరుకు. జిగురు ఒకచోట పలచబడినా, గుడ్డ ఒకచోట ముడతపడినా మిగతా శరీరం మోసేసేది. ఇప్పటి నాజూకు రెక్కలో నార ముడతపడితే సరిగ్గా అక్కడే పగులు మొదలవుతుంది. రెక్క తయారీ ఇప్పటికీ చాలావరకు చేతిపని. వందమీటర్ల అచ్చులో మనుషులు దిగి, పొర మీద పొర గుడ్డ పరిచి, గాలి లాగేసి, రెజిన్ పట్టిస్తారు. పైనుంచి అచ్చు త్వరగా ఖాళీ చేయాలనే ఒత్తిడి. మన డెడ్‌లైన్ల లాంటివే, కాకపోతే వాళ్ళ చేతికి జిగురు ఉంటుంది.

పైగా బరువు పెరిగినకొద్దీ శత్రువు మారిపోతుంది. చిన్న రెక్కకి శత్రువు గాలి. పెద్ద రెక్కకి తన బరువే తనకి శత్రువు. రెక్క ఒకవైపు అడ్డంగా ఉన్నప్పుడు ముందంచు సాగుతుంది, సగం తిరిగి రెండో వైపుకి వెళ్ళేసరికి అదే అంచు నొక్కుకుంటుంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచి తెంపుతాం చూడండి, అదే పని. నిమిషానికి 8 చుట్లు వేసుకున్నా ఏడాదికి 42 లక్షల సార్లు. పాతికేళ్ళకి పది కోట్ల పైన. కొస వేగం గంటకి 330 కిలోమీటర్లు, ఆ వేగంలో వాన చినుకు తగిలితే ఇసుక కాగితం రుద్దినట్టే.

దీనికి పరీక్షలు లేవా అంటే ఉన్నాయి. కొత్త డిజైన్ రెక్కని కాంక్రీటు దిమ్మకి బిగించి, తాళ్ళతో లాగి, నెలల తరబడి ఊపుతారు. దానికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. కానీ ఊపేది ఒక్క నమూనాని. అందరూ దగ్గరుండి, జాగ్రత్తగా, ప్రాణం పెట్టి చేసిన మొదటి రెక్కని. రాత్రి షిఫ్టులో, అచ్చు ఆలస్యమవుతోందని సూపర్‌వైజర్ అరుస్తుండగా పుట్టిన ఎనిమిదివందలో రెక్క సంగతి ఆ పరీక్ష చెప్పదు. డెవలపర్ లాప్‌టాప్‌లో నడిచిందని ప్రొడక్షన్‌లో నడుస్తుందంటే మన టెస్టర్లు ఏమంటారు?

ఇదంతా ఊహ కాదు. 2024 జూలై 13న అమెరికా తూర్పు తీరంలో వైన్‌యార్డ్ విండ్ అనే సముద్రపు గాలిమరల క్షేత్రంలో ఒక రెక్క విరిగింది. నేను పైన చెప్పిన 107 మీటర్ల రెక్కే. ముక్కలు కొట్టుకొచ్చి నాన్‌టకెట్ దీవి బీచ్‌లలో పడ్డాయి. మంచి వేసవి సీజన్‌లో బీచ్‌లు మూసేశారు. కారణం ఏం తేలింది? డిజైన్ లోపం కాదు, కెనడాలోని గాస్పే ఫ్యాక్టరీలో అతుకు సరిగ్గా అంటలేదు. అక్కడి నాణ్యతా తనిఖీలోనే అది దొరికి ఉండాల్సింది, దొరకలేదు. ఆ ఫ్యాక్టరీలో అప్పటికే తయారైన 150 దాకా రెక్కల తనిఖీ రికార్డులు మళ్ళీ తిరగేయాల్సొచ్చింది. గుత్తి దగ్గర నేను వేలు పెట్టి చూసిన అతుకు గుర్తుందా? అదే.

అంతకు ఏడాది ముందు, 2023 జూన్‌లో, సీమెన్స్ గమేసా కథ. కొత్తగా దింపిన నేలమీది మరల్లో లోపాలు బయటపడ్డాయి. కొన్ని రెక్కల్లో ముడతలు, బేరింగుల్లో రజను. మాతృసంస్థ షేరు ఒక్కరోజులో మూడోవంతుకి పైగా పడిపోయింది. ఆ రెండు మోడళ్ళ అమ్మకాలు ఆపేశారు. చివరికి జర్మనీ ప్రభుత్వం వందల కోట్ల యూరోల గ్యారంటీతో ఆదుకోవాల్సొచ్చింది.

"అది విదేశీ గోల" అంటారేమో, మన గోల ఇంకా పాతది. 2008లో అమెరికాలో సుజ్లాన్ ఎస్88 రెక్కలు పగుళ్ళిచ్చాయి. 1,251 రెక్కల్ని దించి బలపరచాల్సొచ్చింది. ఆ దెబ్బ నుంచి ఆ కంపెనీ అమెరికాలో తేరుకోలేదు.

వీటిని చూపించి "చూశారా, గాలి కరెంటంతా మోసం" అనే బ్యాచ్ ఒకటి సిద్ధంగా ఉంటుంది. వాళ్ళు దయచేసి కూర్చోండి. ఈ మరలు తిరుగుతూనే ఉన్నాయి, లక్షల్లో. నా గొడవ టెక్నాలజీతో కాదు, దాన్ని దింపే తొందరతో. 8 మెగావాట్లది నాలుగు చలికాలాలు చూడకముందే 12, అది సరిగ్గా నిలబడకముందే 14, 15, ఇప్పుడు 26. వెర్షన్ 3 బగ్గులు బయటపడకముందే వెర్షన్ 4 రిలీజ్. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఇదే చేశాం, పేరెందుకు లెండి. కస్టమర్లు తిట్టారు, మేం రాత్రంతా కూర్చుని పాత వెర్షన్ వెనక్కి పెట్టాం, తెల్లారేసరికి సర్దుకుంది. సముద్రంలో 150 మీటర్ల ఎత్తున వేలాడుతున్న 55 టన్నుల వస్తువుకి పాత వెర్షన్ వెనక్కి పెట్టడం ఉండదు.

ఈ తప్పు కొత్తదైతే క్షమించొచ్చు. 1941లోనే అమెరికా వెర్మాంట్‌లో ఒక కొండ మీద పామర్ పుట్నం అనే ఇంజినీరు 1.25 మెగావాట్ల మర నిలబెట్టాడు. 53 మీటర్ల వ్యాసం, రెండు ఉక్కు రెక్కలు, ఒక్కోటీ 8 టన్నులు. రెక్క మొదట్లో బలహీనత ఉందని తెలుసు. యుద్ధం రోజులు, సరుకు దొరకదు, బాగుచేయలేకపోయారు. 1945 మార్చి 26న రెక్క ఊడి ఎగిరిపడింది. మొత్తం తిరిగింది 1,100 గంటలే. పోనీ అప్పట్లో కంప్యూటర్లు లేవనుకుందాం. 1983లో జర్మనీ ప్రభుత్వం డబ్బుతో గ్రోవియాన్ వచ్చింది. 100 మీటర్ల వ్యాసం, 3 మెగావాట్లు, అప్పటికి ప్రపంచంలోనే పెద్దది. నాలుగేళ్ళలో 420 గంటలు తిరిగి, పగుళ్ళిచ్చి, ఇనుప సామాన్లకి పోయింది.

అదే కాలంలో డెన్మార్క్‌లో ఏం జరిగిందో చూడండి. 1978లో ట్వింద్ అనే ఊళ్ళో బడి పంతుళ్ళు, విద్యార్థులు, వాలంటీర్లు కలిసి 54 మీటర్ల వ్యాసం మర కట్టారు. రెక్కలు గాజు నారవి. రెక్క మొదలు బిగించే పద్ధతి మాత్రం సొంతంగా కనిపెట్టలేదు. జర్మనీలో ఉల్రిష్ హ్యూటర్ 1950లలో చేసి, ఏళ్ళ తరబడి తిప్పి చూసిన పద్ధతి తీసుకున్నారు. ఆ మర నలభై ఏళ్ళు దాటాక కూడా తిరుగుతూనే ఉంది. దాని అనుభవంతో ఎరిక్ గ్రోవ్-నీల్సన్ అనే ఆయన ఐదు మీటర్లలోపు బుల్లి రెక్కలు చేసి చిన్న చిన్న వర్క్‌షాపుల వాళ్ళకి అమ్మడం మొదలుపెట్టాడు. 1978లో పెనుగాలికి కొన్ని మరలు అదుపుతప్పి రెక్కలు పోయాయి. ఆయన పత్రికా ప్రకటన ఇవ్వలేదు, అమ్మకం ఆపేశాడు. రెక్క కొస తనంతట తనే అడ్డం తిరిగి ఆపే బ్రేకు పెట్టాక మళ్ళీ మొదలెట్టాడు. ఆ కొస బ్రేకు కూడా కొత్తదేం కాదు, 1957లో యోహానెస్ యూల్ గెడ్సర్ మరలో వాడినదే. పాత అనుభవాన్ని పనికిమాలినదనుకోలేదు వాళ్ళు. 1979 నుంచి రిసో పరీక్షా కేంద్రం ఆమోదించిన మరకే సబ్సిడీ.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. మరల యజమానులు, అంటే రైతులూ టీచర్లూ లాంటి మామూలు జనం, సంఘం పెట్టుకుని ఒక పత్రిక నడిపారు. ఎవరి మర ఈ నెల ఎన్ని యూనిట్లిచ్చింది, ఏ కంపెనీది ఎక్కడ చెడింది, అన్నీ అందులో అచ్చు. మర కొనాలనుకున్నవాడు బ్రోచర్ కాదు, ఆ పట్టిక చూసేవాడు. చెత్త మర చేసినవాడు ఆరునెలల్లో అందరికీ తెలిసిపోయేవాడు. అమెరికాలో, జర్మనీలో విమాన కంపెనీలు, ప్రభుత్వ నిధులు చేయలేనిది, ఊరి కమ్మర్లు చేశారు. 15 మీటర్లు, 20, 25 అంటూ మెట్టు మెట్టూ ఎక్కారు. ఇప్పటి పెద్ద రెక్కలన్నిటికీ పూర్వీకులు ఆ బుల్లి రెక్కలే. గ్రోవియాన్‌కి వారసులు లేరు.

నా వాదనకి ఒక గట్టి ఎదురుమాట ఉంది, దాన్ని దాటవేయను. సముద్రంలో పునాదికి, కేబుల్‌కి, ఓడకి అయ్యే ఖర్చు మర చిన్నదైనా పెద్దదైనా పెద్దగా తగ్గదు. కాబట్టి తక్కువ మరలు, పెద్ద రెక్కలు అన్నది అక్కడ నిజమైన లెక్కే. వాతావరణం వేడెక్కుతోంది, తీరిగ్గా మెట్లెక్కే టైమ్ లేదన్నదీ నిజమే. ఒప్పుకుంటా. కానీ తొందరపడి మిగుల్చుకున్న టైమ్ ఎంత? సీమెన్స్ గమేసా ఆ మోడళ్ళ అమ్మకం మళ్ళీ మొదలెట్టడానికి ఏడాదికి పైనే పట్టింది. వైన్‌యార్డ్ విండ్‌లో పని నెలల తరబడి ఆగింది. పైగా సముద్రం లెక్కని నేల మీదికి ఎందుకు తెస్తారు? బెలుగుప్పలోనో ఉరవకొండలోనో ఓడ అక్కర్లేదు కదా.

అందుకే నాకు కావల్సింది 153 మీటర్ల వీడియో కాదు. విమానం కూలితే దర్యాప్తు జరిగి నివేదిక బయటికొస్తుంది, తప్పు ఒకడిదైనా పాఠం అందరూ నేర్చుకుంటారు. రెక్క విరిగితే మామూలుగా తయారీదారే దర్యాప్తు చేసుకుని, రెండు పేరాల ప్రకటన ఇచ్చి, మిగతాది వ్యాపార రహస్యం అంటాడు. అనంతపురం, కర్నూలు, కడప గుట్టల మీద తిరుగుతున్న మరల్లో చాలావాటికి పదేళ్ళు నిండుతున్నాయి. ఇప్పుడిప్పుడే రెక్కల్లో అలసట బయటపడే వయసు. ఆ రెక్కల కింద వేరుశనగ చేలున్నాయి, గొర్రెలు మేపుకునే పిల్లలున్నారు. ఏ మోడల్ రెక్క ఎక్కడ పగిలింది, ఎందుకు పగిలింది, మిగతావి తనిఖీ చేశారా లేదా, ఇది మండలాలవారీగా తెలుగులో ఒక వెబ్‌సైట్‌లో పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ పని నాకు వచ్చు కాబట్టి చెప్తున్నా, డేటా ఇస్తే రెండు వారాంతాల పని. డబ్బు అక్కర్లేదు, సర్వర్ ఖర్చు కూడా నేనే పెట్టుకుంటా.

గ్రూపులో ఇదే మాట రాశా. జవాబుగా ఇంకో వీడియో వచ్చింది, ఈసారి రెక్కని కొండ మలుపులో ట్రైలర్ మీద తిప్పుతున్నది.